నది ఒడ్డున కూర్చుంటే శత్రువు శవం కొట్టుకొస్తుందని సన్ జు నిజంగా అన్నాడా?

గట్టుమీదోడు:

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నాది అమలాపురం దగ్గర లంక ఊరు, రొయ్యల మేత అమ్మే కంపెనీలో సేల్స్ చేస్తాను. మొన్న మాకు రెండ్రోజులు ట్రైనింగ్ పెట్టారు, ఏసీ హాలు, మధ్యాహ్నం పెరుగన్నం తిని అందరం కునికిపాట్లు పడుతుంటే ట్రైనర్ గారు ఒక స్లైడ్ వేశారు. చైనా బొమ్మ, గడ్డం తాతగారు, కింద "నది ఒడ్డున ఓపిగ్గా కూర్చో, నీ శత్రువు శవం దానంతట అదే కొట్టుకొస్తుంది, ఇట్లు సన్ జు, ఆర్ట్ ఆఫ్ వార్" అని. హాలంతా చప్పట్లు.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది అండి. ఎందుకంటే మాది ఏటి మధ్య ఊరు, 86 గోదావరి వరద గురించి మా తాత చెప్పగా విన్నోణ్ణి, ఏట్లో కొట్టుకొచ్చేదాన్ని చూసి అది ఎవడిదో గుర్తుపట్టే పరిస్థితి ఎక్కడుంటుంది, అసలు ముందు నువ్వు కూర్చున్న ఒడ్డు రేప్పొద్దున్నకి ఉంటుందో కోతకి పోతుందో తెలీదు. యుద్ధాలు చేయించినోడు ఇలాంటి సలహా ఇస్తాడా అని అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి మా బావకి (మేనత్త కొడుకు) ఊరికే నవ్వుకోడానికి పంపితే వాడు దాన్ని స్టేటస్ పెట్టేశాడు, వాడికి చెరువు లీజు దగ్గర పక్కూరి వాళ్ళతో ఏడాది నుంచి గొడవ నడుస్తుంది లెండి, చూడవలసినవాళ్ళు చూస్తారని. నేను ఫ్రీగా దొరికే పాత ఇంగ్లీషు అనువాదం దించుకుని నది అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికాను. ఏరు దాటడం గురించి ఉంది, ఎగువన ఉండాలా దిగువన ఉండాలా అని ఉంది, శవం మాత్రం దొరకలేదు. బావకి చెప్తే "నీకు సరిగ్గా వెతకడం రాలేదు" అంటున్నాడు.

కాబట్టి తెలిసినవాళ్ళు చెప్పండి, ఆ మాట ఆయనదేనా, కాకపోతే ఆయన పేరు ఎలా అంటుకుంది, "స్నేహితుల్ని దగ్గర పెట్టుకో, శత్రువుల్ని ఇంకా దగ్గర పెట్టుకో" అన్నది కూడా ఆయనదే అంటున్నారు అదైనా నిజమా, అసలు కత్తులూ రథాల పుస్తకం మేత బస్తాలు అమ్మేవాళ్ళకి ట్రైనింగ్ పుస్తకం ఎలా అయ్యిందండీ బాబూ?

చెదలుపట్టిన_పుస్తకం:

లేదండి. సన్ జు అంటే పాత చైనా సేనాపతి, ఆర్ట్ ఆఫ్ వార్ ఆయన పేరున ఉన్న యుద్ధ గ్రంథం, దాని పదమూడు అధ్యాయాల్లో ఎక్కడా లేదు. మీకు వెతకడం బాగానే వచ్చు, బావగారికి చెప్పండి. స్నేహితులు శత్రువులు మాటైతే 1974 లో వచ్చిన ఒక హాలీవుడ్ మాఫియా సినిమాలో డైలాగ్, అది కూడా ఆయన నెత్తినే రుద్దేశారు.

ఇది మనకేం కొత్త కాదు కదండీ. మన దగ్గర ఎవడికి తోచిన ఆటవెలది వాడు కట్టి ఆఖర్న విశ్వదాభిరామ తగిలిస్తే అది వేమన పద్యం అయిపోయింది. బ్రౌన్ దొర 1829 లో వేమన పద్యాలు అచ్చు వేయించడానికి ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ కూర్చోవలసి వచ్చింది. సన్ జు పేరు ఇప్పుడు ఇంటర్నెట్‌కి విశ్వదాభిరామ.

కానీ దొంగ కొటేషన్లది చిన్న సమస్య, పుస్తకంలో వెతికితే ఉండదు, అక్కడితో సరి. ఆయన నిజంగా అన్నవాటికే అర్థం తిరగబడిపోయిందే, నాకు అది ఎక్కువ సరదా. ఒక్కటి చెప్తాను చూడండి. మూడో అధ్యాయం ఆఖర్న ఉంటుంది, అవతలివాణ్ణి ఎరిగి నిన్ను నువ్వు ఎరిగి ఉంటే నూరు యుద్ధాలకి దిగినా... ఇక్కడ ఆపి మీ ట్రైనర్ గారిని పూర్తి చెయ్యమనండి, "నూరూ గెలుస్తావు" అంటారు, రాసిస్తాను. మూలంలో ఉన్న మాట "బై జాన్ బు దాయ్". బై అంటే నూరు, జాన్ అంటే యుద్ధం, బు అంటే లేదు, దాయ్ అంటే గండం. నూరుసార్లు దిగినా గండంలో పడవు. అంతే అండి. గెలుస్తావని ఎక్కడా హామీ ఇవ్వలేదు. బతికి బయటపడతావు అన్నాడు. చైనాలోనే జనం నోట్లో పడి అది "బై జాన్ బై షెంగ్" అయిపోయింది, అంటే నూరుకి నూరు గెలుపు అని. ఇంకా తమాషా, ఆ నూరుకి నూరు గెలుపు అన్న మాట కూడా అదే అధ్యాయం మొదట్లో ఉంది, ఎందుకు ఉందంటే "అది గొప్పలోకెల్లా గొప్ప కాదు" అని చెప్పడానికి! కొట్లాడకుండా అవతలి సైన్యాన్ని లొంగదీసుకోవడం గొప్ప అన్నాడు. అంటే ఆయన కాదన్న మాటనే తీసుకొచ్చి ఆయన చెప్పిన మాటకి తోకగా కుట్టేశారు.

ఇలా ఎందుకు అవుతుందంటే ఆ పుస్తకం రాసిన తీరు అలాంటిది. మొత్తం కలిపితే ఆరువేల అక్షరాలు పైచిలుకు, అంతే. ఒక్కో వాక్యం నాలుగైదు అక్షరాలు, కర్త ఉండడు, ఎవరు ఎవర్ని ఏం చేస్తున్నారో చదివేవాడే ఊహించుకోవాలి. మన పాత సూత్రాల్లాగే వ్యాఖ్యానం లేకపోతే ముందుకు కదలదు. ఇప్పుడు దొరికే వ్యాఖ్యానాల్లో పాతది సావ్ సావ్ రాసింది, ఆయన 220 లో చనిపోయాడు, స్వయంగా సైన్యాలు నడిపినవాడు. అంటే పుస్తకం పుట్టాక ఐదారు వందల ఏళ్ళకి రాసిన అర్థం మనకి "అతి పాత" అర్థం. తర్వాత చైనాని సాంగ్ వంశం ఏలిన కాలంలో పదకొండు మంది వ్యాఖ్యాతల్ని ఒకే పుస్తకంలో వాక్యం వాక్యం కింద పేర్చారు, అందులో కవులు కూడా ఉన్నారు. 1080 ప్రాంతంలో అదే సాంగ్ రాజులు దీన్ని ఇంకో ఆరింటితో కలిపి మిలటరీ పరీక్షలకి సిలబస్ చేశారు. సిలబస్ అయిందంటే ఇంక గైడ్లు రావడమే కదండీ.

అర్థాలే కాదు, పుస్తకం కట్టిన తాళ్ళ వల్ల కూడా తేడాలు వస్తాయి. ఆ రోజుల్లో కాయితం లేదు, వెదురు బద్దల మీద రాసి తాడుతో అల్లేవారు. మా ఇంట్లో ముత్తాత గారి తాటాకుల కట్ట ఒకటి ఉండేది, తాడు ఎప్పుడో పుచ్చిపోయింది, మా నాన్న చిన్నప్పుడు ఎవరో కింద పడేసి మళ్ళీ దొరికింది దొరికినట్టు పేర్చేశారు. నేను చూసేటప్పటికి పైత్యానికి కషాయం చెప్తూ చెప్తూ తర్వాతి ఆకులో శని దశ మొదలైపోయేది. వెదురు పుస్తకాల గతీ అంతే. 1972 లో షాన్‌డాంగ్ రాష్ట్రం లిన్‌యీలో, యిన్‌చ్యూషాన్ అనే చోట తవ్వకాల్లో హాన్ కాలపు సమాధులు బయటపడ్డాయి, క్రీస్తుకు ముందు రెండో శతాబ్దానివి, లోపల బురదలో వేల వెదురు బద్దలు, తాళ్ళు కుళ్ళిపోయి చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిలో సన్ జు పుస్తకం ముక్కలు దొరికాయి. మన దగ్గర ఉన్న అచ్చు ప్రతుల కంటే వెయ్యేళ్ళు పైన పాతవి.

అక్కడ నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం చూసి నేను కుర్చీలోంచి లేచాను. అచ్చు ప్రతుల్లో ఏముందంటే బలం చాలనప్పుడు కాచుకో, బలం మిగిలినప్పుడు దాడి చెయ్యి అని. వెదురు మీద సరిగ్గా దానికి ఎదురు! కాచుకుంటే ఉన్న బలం మిగులుతుంది, దాడికి దిగితే అదే బలం చాలదు అని. రెండు మాటలు అటూ ఇటూ అయ్యాయి అంతే. ఎన్ని వందల ఏళ్ళు ఎంతమంది సేనాపతులు తిరగేసిన వాక్యం చదివి సరే అనుకున్నారో ఆలోచించండి. వ్యాఖ్యాతలు కూడా పాపం ఉన్న పాఠానికి తగ్గట్టు బ్రహ్మాండంగా అర్థాలు చెప్పారు.

ముప్పైకౌంట్:

అన్నా నువ్వు చెప్పింది అంతా బానే ఉంది కానీ నాకో డౌట్. ఎవడన్నాడు అన్నది మనకి ఎందుకు? పనికొస్తుందా లేదా అంతే కదా. నేనూ సేల్స్ ఏ, భీమవరం నుంచి కైకలూరు దాకా తిరుగుతా, మా ఎండీ గారు ప్రతి మీటింగ్ లో "యుద్ధమంటేనే మోసం" అని సన్ జు మాటతోనే స్టార్ట్ చేస్తారు, ఇది దొంగ కొటేషన్ కాదు కదా నేనే చెక్ చేశా మొదటి అధ్యాయంలో ఉంది. కాంపిటీటర్ కి మన రేటు తెలీనివ్వకూడదు, మనం డిస్కౌంట్ ఇస్తున్నట్టు ఉండాలి ఇవ్వకూడదు, ఇదే కదా స్ట్రాటజీ. నెపోలియన్ అంతటోడు చదివాడంట ఈ బుక్, అలాంటిది మనం చదివి ట్రైనింగ్ లో వాడితే తప్పేంటి, పుస్తకం రాసినోడే దిగొచ్చి ఇది నాది కాదు అన్నా నాకు ప్రాబ్లం లేదు టార్గెట్ రీచ్ అవ్వాలి అంతే 😀

ఇంకోటి, ఆ శవం కొటేషన్ కి అర్థం ఓపిక పట్టమని. అందులో తప్పేముంది బ్రో, మీరు మరీ ఊరి వరద గుర్తు తెచ్చుకుని సీరియస్ అయిపోయారు.

చెదలుపట్టిన_పుస్తకం:

తమ్ముడూ టార్గెట్ నీది, కాదనను. కానీ మీ ఎండీ గారు చెప్పే వాక్యం ఉందే, అది మొదటి అధ్యాయంలో సగం దాటాక వస్తుంది. దానికి ముందు ఏముందో ఆయన చెప్పడు. పుస్తకం మొట్టమొదటి మాట: యుద్ధం రాజ్యానికి పెద్ద వ్యవహారం, చావు బతుకుల చోటు, నిలవడమా పోవడమా అన్న దారి, పరిశీలించకుండా దిగకూడదు. ఆ తర్వాత చూసుకోవలసినవి ఐదు చెప్తాడు, అందులో మొదటిది జనం మనసూ పాలించేవాడి మనసూ ఒకటిగా ఉండటం. తర్వాత కాలం, నేల, సేనాని, కట్టుబాటు. ఈ ఐదూ లెక్క చూసుకున్నాక అప్పుడు అవతలివాడి కళ్ళు కప్పడం గురించి మాట. మీ కంపెనీలో మొదటిది ఎలా ఉందో నువ్వే చెప్పాలి, జీతాలు టైముకి వేస్తున్నారా 🙂

ఇంకో సంగతి, కళ్ళు కప్పమంది శత్రు సైన్యానికి. నీ మేత కొనే రైతుకి కాదు. సేల్స్ పుస్తకం అయినప్పుడు ఆ శత్రువు స్థానంలో ఒకసారి కాంపిటీటర్ ని పెడతారు, ఇంకోసారి కస్టమర్ ని పెడతారు, ఆఖరికి పక్క క్యాబిన్ లో కూర్చున్నోణ్ణి పెడతారు.

రెండో అధ్యాయం ఎవరూ స్లైడ్ వెయ్యరు. మొత్తం ఖర్చుల లెక్క. వెయ్యి రథాలు, అంతే బరువు బళ్ళు, లక్షమంది సైన్యం, మూడొందల మైళ్ళ దూరం తిండి మోసుకెళ్ళాలి, రోజుకి వెయ్యి బంగారు ముక్కలు ఖర్చు. శత్రువు ధాన్యం ఒక కొలత దొరికితే మన ఇంటినుంచి మోసుకెళ్ళిన ఇరవై కొలతలకి సమానం అంటాడు. ఎందుకు ఇరవై? మిగతాది దారిలో ఎడ్లూ మనుషులే తినేస్తారు. మోటుగా అయినా త్వరగా తేల్చేసిన యుద్ధం గురించి విన్నాను గానీ తెలివిగా చేస్తున్నా అని ఏళ్ళు సాగదీసిన యుద్ధం బాగుపడగా చూడలేదు అన్నది కూడా అందులోదే. ఇప్పుడు గట్టుమీదోడు గారి ప్రశ్నకి రండి. ఇలా ఖర్చు చూసి భయపడేవాడు "ఒడ్డున కూర్చో, ఎప్పుడో ఒకప్పుడు శవం వస్తుంది" అంటాడా? నీ సైన్యం ఒడ్డున కూర్చున్న ప్రతిరోజూ వెయ్యి బంగారు ముక్కలు ఏట్లో పోస్తున్నట్టే. ఓపిక పట్టమన్న చోట్లు పుస్తకంలో ఉన్నాయి, కాదనట్లేదు, కానీ ఊరికే కూర్చోమని మాత్రం ఆయన ధోరణికే సరిపడదు. అందుకే పేరు పట్టించుకోవాలి తమ్ముడూ, పేరు తప్పయితే చెప్పినవాడి లెక్కంతా పోయి ఉత్త సామెత మిగులుతుంది.

నెపోలియన్ సంగతి. ఆమియో అనే జెసూట్ పాదిరీ చైనాలో ఉండి ఫ్రెంచిలోకి తెచ్చిన అనువాదం 1772 లో పారిస్‌లో వచ్చింది. నెపోలియన్ ఫ్రెంచివాడు, పుస్తకం ఫ్రెంచిలో ఉంది, కాబట్టి చదివాడు. అంతే ఆధారం! ఇంతకు మించి ఎవరూ చూపించలేదు.

తర్వాత ఇంగ్లీషు. 1905 లో క్యాల్‌త్రాప్ అనే బ్రిటిష్ ఆర్మీ ఆఫీసరు టోక్యోలో ఉండి జపాన్ వాళ్ళ పాఠం ఆధారంగా చేశాడు, చైనా పేర్లు కూడా జపాన్ పలుకుబడిలోనే వేశాడు. 1910 లో బ్రిటిష్ మ్యూజియం లో పనిచేసే లయొనెల్ జైల్స్ కొత్తగా అనువదించి ముందుమాటలో క్యాల్‌త్రాప్ ని ఉతికి ఆరేశాడు, గట్టుమీదోడు గారు దించుకున్నది బహుశా ఈ జైల్స్ దే. 1963 లో అమెరికా మెరైన్ జనరల్ గ్రిఫిత్ ది వచ్చింది, అప్పటికి చైనా, వియత్నాం గొడవల్లో అమెరికా తలమునకలు, మావోని అర్థం చేసుకోవాలంటే సన్ జుని చదవాలి అన్న ఊపు. అక్కణ్ణుంచి జపాన్ కంపెనీలు అమెరికా మార్కెట్ ని దున్నేస్తున్న రోజుల్లో వీళ్ళ రహస్యం ఏదో పాత పుస్తకంలో ఉంది అని బిజినెస్ వాళ్ళు ఎగబడ్డారు. పాదిరీకి చైనా ఎంత నాగరికమో చూపించాలి, జనరల్ కి మావో కావాలి, ఎంబీయే వాడికి టయోటా కావాలి. పుస్తకం మాత్రం అదే ఆరువేల అక్షరాలు.

ఆఖరికి పేరు కూడా. చైనా భాషలో పుస్తకం పేరు "బింగ్ ఫా", అందులో కళ లేదు. ఫా అంటే పద్ధతి, విధి, చట్టం. ఆర్ట్ అన్నది యూరప్ అలవాటు. మనం ఇంగ్లీషు చూసి "యుద్ధ కళ" అని రాసుకున్నాం, సంగీతం నాట్యం లాగా. నన్నడిగితే యుద్ధ తంత్రం అంటే దగ్గరగా ఉండేది.

డేగ_కాకి:

హహ్హ ఈ థ్రెడ్ చదువుతుంటే మా మావయ్యే గుర్తొచ్చాడండీ. మాది ఉండి దగ్గర. మా మావయ్యకి కుక్కుట శాస్త్రం కంఠతా వచ్చు, అంటే ఏ రోజు ఏ దిక్కు నుంచి కోడిని దించాలి, ఏ నక్షత్రానికి డేగ గెలుస్తుంది ఏ నక్షత్రానికి కాకి ఓడుతుంది, నెమలి మీద పర్ల దించొచ్చా లేదా (ఇవన్నీ ఈకల రంగుని బట్టి పందెం కోళ్ళకి పెట్టిన పేర్లు లెండి), అన్నీ. సంక్రాంతికి చిన్న పుస్తకం జేబులో పెట్టుకుని బరి దగ్గర మా గొప్పగా తిరిగేవాడు, జనం సలహాలు అడిగేవారు కూడాను.

ఒక ఏడు కనుమ రోజు శాస్త్రం ప్రకారం ఆ పూట డేగదే గెలుపు అని తేల్చి అరెకరం కౌలు డబ్బులు తీసుకెళ్ళి డేగ మీద పెట్టాడు. అవతల కాకి. పక్కన ఒక ముసలాయన, కోళ్ళు పెంచడంలో చెయ్యి తిరిగినోడు, కోడిని ఇలా చేత్తో ఎత్తి పట్టుకుని రొమ్ము తడిమి "ఒరే అబ్బాయ్ దీని ఒంట్లో వేడుంది, రాత్రి నిద్దర్లేదు దీనికి, కాలు చూడు ఎలా ముడుస్తుందో, వద్దు" అన్నాడు. మావయ్య పుస్తకం తీసి చూపించాడు. ముసలాయన పుస్తకం వంక చూడలేదు, కోడి వంకే చూస్తున్నాడు. మూడో ఎగురుకి డేగ పడిపోయింది. మావయ్య ఏమన్నాడంటే శాస్త్రం తప్పు కాదురా, అది అసలు సిసలు డేగ కాదు, ఈకల్లో ఎక్కడో మైల కలిసింది అన్నాడు 😂 పుస్తకం ఎప్పుడూ ఓడిపోదు అండి, కోడే ఓడిపోతుంది.

(పందేలు చట్టరీత్యా నేరం, నేను ప్రోత్సహించట్లేదు, జరిగింది చెప్పాను అంతే)

చెదలుపట్టిన_పుస్తకం:

డేగ గారూ మీ మావయ్య లాంటివాడు చైనాలో క్రీస్తుకు ముందు 260 లో ఉన్నాడు, పేరు జావ్ క్వో. తండ్రి పెద్ద సేనాపతి. కొడుకు చిన్నప్పటినుంచి యుద్ధ గ్రంథాలన్నీ చదివి వాదనలో తండ్రినే నోరెత్తనిచ్చేవాడు కాదు. తండ్రి మాత్రం యుద్ధం చావు జాగా, వీడు దాన్ని తేలిగ్గా మాట్లాడేస్తున్నాడు, వీడికి సైన్యం ఇస్తే మునుగుతాం అన్నాడట. ఇంకో మంత్రి రాజుకి చెప్పిన మాట నాకు భలే ఇష్టం: వీడు వాద్యం మీద తీగల కింద జరపవలసిన గుర్రాలని (తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్కలని) జిగురుతో అతికించేసి వాయించే రకం అని. శ్రుతి మార్చుకోవడానికి ఉన్నవాటిని అతికించేస్తే ఇంకేం వాయిస్తాడు. రాజు వినలేదు. చాంగ్‌పింగ్ దగ్గర సైన్యం మొత్తం చిక్కుబడిపోయింది, వాడూ చచ్చాడు, లొంగిపోయినవాళ్ళతో కలిపి నాలుగు లక్షలు పైన అని సిమా చియాన్ అనే పాత చైనా చరిత్రకారుడు రాశాడు, ఆ అంకె పెద్దదని ఇప్పటివాళ్ళు అంటారు గానీ ఘోరం మాత్రం నిజమే.

జపాన్‌ది కూడా ఒకటి చెప్పి ఊరుకుంటా. పదహారో శతాబ్దంలో తాకేదా షింగెన్ అనే దొర జెండా మీద ఏడో అధ్యాయంలోని మాటలు రాయించుకున్నాడు, గాలిలా వేగం, అడవిలా నిదానం, నిప్పులా దాడి, కొండలా నిలకడ. అందరికీ తెలిసింది ఈ నాలుగే. పుస్తకంలో వెనకాలే ఇంకో రెండున్నాయి, చీకటిలా అంతు చిక్కకుండా ఉండు, కదిలితే పిడుగులా పడు అని. జెండా మీద నాలుగే ఎక్కాయి. ఇవాళ్టి పోస్టర్లకీ అదే జబ్బు.

లాకులదగ్గర:

పిల్లలూ బాగా రాస్తన్నారు. నేను కాలవల మీద ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయినవాణ్ణి, ఇప్పుడు మనవడు ఈ పుస్తకం ఫోన్లో పెట్టిస్తే మెల్లిగా చదువుకున్నాను. ఇంగ్లీషు అంత గొప్పగా రాదు. నాకు తెలిసిన మేరకు రెండు మూడు ముక్కలు చెప్తాను, తప్పయితే పుస్తకం అబ్బాయి సరిదిద్దాలి.

ఎవరూ పైకి చెప్పుకోని వాక్యం ఒకటి తొమ్మిదో అధ్యాయంలో ఉంది. పైన వానలు పడి ఏట్లో నురగ కొట్టుకొస్తుంటే, దాటాలనుకున్నవాడు అది తేరుకునేదాకా ఆగాలి. ఇంతే. దీనికి వ్యాఖ్యానం ఎందుకండీ? మన రేవులో ఎవణ్ణి అడిగినా చెప్తాడు. జూలైలో ఇక్కడ చినుకు ఉండదు, ఎండ మాడ్చేస్తుంటుంది, ఏరు నిన్నటిలాగే ఉంటుంది. ముందు నీటి రంగు మారుతుంది, ఎర్రనీరు. తర్వాత నురగ, అది కూడా తెల్లగా ఉండదు, టీ మీద మీగడలాగా ముద్దలు ముద్దలు, దాన్లో ఎండుటాకులు, వెదురు ముక్కలు. ఎక్కడో శబరి మీద, ఇంద్రావతి మీద పడిన వాన అది. అప్పుడు పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) వాడు లంగరు తియ్యడు, తియ్యమని గొడవ చేసేవాడు ఎప్పుడూ బయటి ఊరివాడే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు గానీ పడవవాడు దానికంటే ముందే నురగ చూసి చెప్పేస్తాడు. పులస పులుసు పెడతామని ఆశపెట్టినా సరే ఆగుతాడు. నది గురించి ఆ పెద్దాయన నిజంగా అన్న మాట ఇది, దీన్ని వదిలేసి శవాన్ని పట్టుకున్నారు.

దాని పైనే ఇంకోటి. అవతలివాడు ఏరు దాటి వస్తుంటే నీళ్ళలోకి దిగి ఎదుర్కోకు, సగం మందిని దాటనిచ్చి అప్పుడు కొట్టు. నర్సాపురం రేవులో నిలబడి చూడండి. పంటు మధ్యలో ఉన్నప్పుడు అందరూ కుదురుగా ఉంటారు. ఒడ్డుకి తగిలాక సగం దిగి సగం దిగకుండా ఉంటారే, బళ్ళు స్టార్ట్ చేసేవాడు చేస్తుంటాడు, పిల్లల్ని పిలిచేవాళ్ళు పిలుస్తుంటారు, వెనకవాళ్ళు తోస్తుంటారు, ఎవరైనా నీళ్ళలో జారితే అప్పుడే జారేది. ఆయన చూసిందే రాశాడు.

ఇంక నీళ్ళలా ఉండు అని చాలామంది పెడుతుంటారు, దాన్ని మెత్తగా సర్దుకుపోవడం అనుకుంటున్నారు. ఆరో అధ్యాయం చదివితే నాకు అలా అనిపించలేదు. నీళ్ళు ఎత్తు వదిలి పల్లం పడతాయి, సైన్యం గట్టిగా ఉన్నచోటు వదిలి ఖాళీగా ఉన్నచోట పడాలి అంటాడు. కాలవగట్టుకి గండి ఎక్కడ పడుతుంది? రాయి కట్టిన చోట పడదు. ఎలక బొక్క ఉన్నచోట పడుతుంది. వరద రోజుల్లో రాత్రిపూట లాంతరు పట్టుకుని మా లస్కర్లు (కాలవ కాపలావాళ్ళు) గట్టు అవతలి వైపు నడిచేవారు, నీళ్ళున్న వైపు కాదు, పొలాల వైపు, ఎక్కడైనా తడి ఊరుతుందా అని. నీరు అంత సౌమ్యమైనది అయితే మాకు ఆ నిద్రలేని రాత్రులు ఎందుకు.

నాలుగో అధ్యాయం ఆఖర్న నిలవేసిన నీళ్ళని లోతైన లోయలోకి వదిలినట్టు అని ఉంది. దాన్ని ధైర్యం, ఊపు అని రాశారు ఎవరో పుస్తకంలో ఆ వాక్యం కింద. ఊపు కాదండి. లాకు తలుపు ఎత్తే ముందు మేం ఏం చూసేవాళ్ళం? పైమట్టం ఎంత, కిందమట్టం ఎంత. ఆ తేడా ముందే కూడి ఉంటుంది, తలుపు ఎత్తడం ఒక నిమిషం పని. కాటన్ దొర 1852 కి ఆనకట్ట పూర్తి చేసినా అంతే, నీటిని కొత్తగా పుట్టించలేదు, మట్టం పెంచాడు, మిగతాది పల్లమే చూసుకుంది. గెలుపు తలుపు ఎత్తక ముందే ఉంది అని ఆయన అంటున్నాడని నాకు తోచింది.

చెదలుపట్టిన_పుస్తకం:

మాస్టారూ సరిదిద్దడానికి ఏం లేదు. ఆ నురగ వాక్యాన్ని నేను పదిసార్లు చదివి ఉంటాను, ప్రతిసారీ దాటేశాను. పదకొండు మంది వ్యాఖ్యాతల కింద పన్నెండో పేరు మీది రాసుకుంటాను.

ముప్పైకౌంట్:

లాకు గారి పోస్ట్ సేవ్ చేశా. మా ఎండీ కి మాత్రం పంపను, స్లైడ్ చేసేస్తాడు 😀

గట్టుమీదోడు:

అందరికీ థాంక్స్ అండి, ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి బావని కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. వెదురు బద్దల దగ్గర ఆవలించాడు, కోడి దగ్గర నవ్వాడు, లాకు గారి నురగ దగ్గర మాత్రం "కరెక్ట్" అన్నాడు. సరే సన్ జు అన్లేదు ఒప్పుకున్నాను, కానీ ఇంత మంచి మాట ఎవడో ఒకడు అని ఉండాలి కదరా అన్నాడు. పొద్దున్న లేచి చూస్తే స్టేటస్ లో శవం అలాగే ఉంది, గడ్డం తాత పోయి పిలక ఉన్న బొమ్మ వచ్చింది, కింద చాణక్యుడు అని రాశాడు.

అది సరే గానీ లాకు గారూ, రేపు కలెక్షన్ పని మీద సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళాలి, ఇవాళ సాయంత్రం మా దగ్గర నీళ్ళు కొంచెం రంగు మారినట్టు అనిపించాయి, నురగ ఇంకా కనపడలేదు. చించినాడ వంతెన మీదుగా తిరిగి పొమ్మంటారా?